లారీ కొనే ముందు ఎన్ని రోజులు నిలబడగలవో లెక్క చూసుకో

సంక్రాంతికి మా అక్క వాళ్లింటికి వెళ్లినప్పుడు, భోజనాలయ్యాక మా మేనల్లుడు నన్ను పెరట్లోకి పిలిచి ఫోనులో ఒక లారీ ఫోటోలు చూపించాడు. 2017 మోడలు, పది టైర్ల బండి. పద్నాలుగున్నర లక్షలు చెబుతున్నారట. నాలుగు లక్షలు చేతిలోంచి కడితే మిగతాది ఫైనాన్సు వాళ్లు ఇస్తారట. వాడు హెవీ లైసెన్సు తీసుకుని రెండేళ్లే అయింది. తాడేపల్లిగూడెంలో ఒకరి దగ్గర డ్రైవరుగా చేస్తున్నాడు. బియ్యం వేసుకుని బెంగళూరు వెళ్తాడు, నాసిక్ వైపు నుంచి ఉల్లిపాయలు తెస్తాడు. చెయ్యి మంచిది. ఘాట్ రోడ్డులో బ్రేకు మీద కాకుండా గేరు మీద బండి దింపుతాడు, ఆ ఒక్కటి చూస్తే చాలు నాకు.

"ఎంతకాలం ఎవరి బండో తోలమంటావు మావయ్యా? ఇదే కష్టం సొంత బండి మీద పడితే మిగిలేదంతా నాకే కదా" అన్నాడు.

నేను వద్దన్నాను. వాడి ముఖం చిన్నబోయింది. నేను ఓనర్ కమ్ డ్రైవర్‌ని, ఇప్పుడు నాకు రెండు బండ్లున్నాయి. అలాంటి నేనే వద్దంటే, మేనల్లుడు పైకి రావడం ఇష్టం లేదనుకుంటాడేమోనని రాత్రంతా నిద్ర పట్టలేదు. పండగ ఇంట్లో నిలబడి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. వాడి వయసులో, వాడి ఆలోచనతో ఉన్న కుర్రాళ్లు విజయవాడ ఆటోనగర్‌లో నాకు రోజూ కనిపిస్తారు. ఇది వాళ్ల కోసం కూడా.

బండి ఎంత బాగా తోలతావు, నెలకు ఎన్ని ట్రిప్పులు కొడతావు అన్నవి తర్వాత చూద్దాం. బండి కదలకుండా ఉన్నప్పుడు కొత్త అప్పు చేయకుండా ఎన్ని రోజులు ఉండగలవు? నా దృష్టిలో కొనాలా వద్దా అన్నది తేల్చేది ఈ ప్రశ్నే. ఈ ప్రశ్న వేసుకోకుండా నేను ఒకసారి కొన్నాను.

అది 2009. అప్పటికి డ్రైవరుగా నాకు మూడేళ్ల అనుభవం. పాత టారస్ బండి. మా ఆవిడ బంగారం, మా నాన్న అరెకరం మీద తెచ్చిన అప్పు, ఆపైన ఫైనాన్సు. మొదటి రెండు నెలలు బాగానే తిరిగింది. మూడో నెలలో బియ్యం వేసుకుని బెంగళూరు యశ్వంతపూర్ యార్డుకు వెళ్లాను. సరుకు దిగడానికే రెండు రోజులు పట్టింది. ఆ తర్వాత రిటర్న్ లోడు కోసం ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసు బయట బెంచీ మీద కూర్చున్నాను. మొదటి రోజు బ్రోకరు విజయవాడకు ఒక కిరాయి చెప్పాడు. ఖర్చులు పోను రెండు వేలు మిగులుతుంది. గిట్టదన్నాను. రెండో రోజు అదే లోడుకు ఇంకో వెయ్యి తగ్గించాడు. మూడో రోజు లోడే లేదన్నాడు.

నాలుగో రోజు రాత్రి బండి పక్కన స్టవ్ వెలిగించి అన్నం వండుతుంటే ఫోను మోగింది. కిస్తీ తేదీ దాటిపోయిందని ఫైనాన్సు ఆఫీసు నుంచి. అతను మాట్లాడుతుండగానే ఎసరు పొంగి స్టవ్ ఆరిపోయింది. మళ్లీ వెలిగించాలని కూడా తోచలేదు. ఉడికీ ఉడకని ఆ మెతుకులే తిని పడుకున్నాను. ఐదో రోజు పొద్దున్నే వెళ్లి, మొదటి రోజు నేను వద్దన్న కిరాయికి మూడు వేలు తక్కువకు ఒప్పుకున్నాను. అంటే ఆరు వందల యాభై కిలోమీటర్లు నేనే ఎదురు వెయ్యి రూపాయలు పెట్టి ఎవరి సరుకో మోసుకొచ్చాను.

ఆ బెంచీ మీదే నా పక్కన అనంతపురం వైపు పెద్దాయన ఒకాయన ఉన్నాడు. నాకంటే ముందు వచ్చాడు. బ్రోకరు రేటు చెప్పినప్పుడల్లా తల అడ్డంగా ఊపి బీడీ వెలిగించుకునేవాడు. నేను బయల్దేరిన రెండు రోజులకు మంచి కిరాయికి వెళ్లాడని తర్వాత తెలిసింది. ఆయన బండి నా బండికంటే పాతది. కాకపోతే దాని మీద అప్పు లేదు. ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం గానీ ఆయన కూర్చోగలిగాడు, నేను కూర్చోలేకపోయాను. బ్రోకరుకు నా తొందర ముఖంలోనే కనబడి ఉంటుంది.

అక్కడి నుంచి అంతా అదే తీరు. కిస్తీ కోసం ఏ రేటుకైనా లోడు ఎత్తడం, ఆ రేటులో టైర్లకు మిగలక అరిగిన వాటికే పైన కొత్త రబ్బరు వేయించడం (రబ్బరింగ్), అవి దారిలో పగిలి ఇంకో రెండు రోజులు పోవడం. చేబదుళ్లు మొదలయ్యాయి. పద్దెనిమిదో నెలలో ఒంగోలు దాటాక ఒక హోటల్ దగ్గర తెల్లవారుజామున నలుగురు వచ్చి తాళం తీసుకున్నారు. పట్టా, తాళ్లు, స్టవ్, జాకీ దించుకోమన్నారు. రోడ్డు పక్కన వాటిని పెట్టుకుని నిలబడ్డాను. బండి వెళ్లిపోయాక గుర్తొచ్చింది, డ్యాష్‌బోర్డు మీద దుర్గమ్మ పటం తీసుకోలేదని.

ఇప్పుడు మా వాడు చూపించిన బండి లెక్క. ఇది నా పుస్తకంలోంచి రాస్తున్నాను, ఒకరు చెబితే విన్నది కాదు.

పదిన్నర లక్షల అప్పు, ఏడాదికి 15 శాతం వడ్డీ, నాలుగేళ్లు. కిస్తీ నెలకు 29 వేల పైన. తాడేపల్లిగూడెం నుంచి బెంగళూరుకు సుమారు 750 కిలోమీటర్లు. 18 టన్నుల బియ్యం, టన్నుకు 1,900 అనుకుంటే 34 వేలు. లీటరుకు నాలుగు కిలోమీటర్ల లెక్కన డీజిలు 18 వేలు, టోలు నాలుగున్నర వేలు. బ్రోకరు కమీషను, ఎగుమతి దిగుమతి (సరుకు ఎక్కించడం, దించడం) మామూళ్లు, కాటా, దారి ఖర్చులు, తిండి కలిపి ఐదు వేలు. మిగిలేది ఆరున్నర వేలు. వచ్చేటప్పుడు 24 వేల కిరాయి దొరికితే మంచి రోజు కిందే లెక్క. కర్ణాటకలో డీజిలు మనకంటే తక్కువ కాబట్టి అక్కడ ట్యాంకు నింపుకుని వస్తాం. మన దగ్గర వ్యాటు మీద లీటరుకు నాలుగు రూపాయలు అదనం, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. అలా చూసుకున్నా తిరుగు ప్రయాణంలో మిగిలేది ఐదు వందలు. మొత్తం రౌండుకు ఏడు వేలు. ఎగుమతి, దిగుమతి, ఎదురుచూపులు కలిపితే నెలకు ఐదు రౌండ్లు పడటం గొప్ప. అంటే 35 వేలు.

అందులో 29 వేలు కిస్తీకి పోయాయి. సరుకుతో కలిపి మొత్తం బరువు 20 నుంచి 40 టన్నుల మధ్య ఉండే బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) ప్రీమియమే 2022 జూన్ నుంచి ఏడాదికి 43,950 రూపాయలు, పైన జీఎస్టీ. నేషనల్ పర్మిట్‌కు ఏడాదికి 16,500. ఈ రెండింటికే నెలకు ఐదు వేలు పక్కన పెట్టాలి. ఇక మిగిలింది వెయ్యి రూపాయలు. క్వార్టర్ టాక్సు, టైర్లు, ఇంజన్ ఆయిలు, కమాను కట్టలు, ఫిట్‌నెస్ అన్నీ ఆ వెయ్యిలోనే రావాలి. నెలంతా స్టీరింగు పట్టుకున్నవాడికి జీతం ఎక్కడుందో నాకు కనబడలేదు. మా వాడికి ఇప్పుడు ఓనరు ఇచ్చే జీతం, బత్తా కలిపి ఇంటికి పాతిక వేలు వస్తోంది.

ఇంకో మాట. పుస్తకాలు రాయని చిన్న ఓనర్లకు ఆదాయపు పన్ను లెక్కలో, 12 టన్నులు దాటిన బండి మీద టన్నుకు నెలకు వెయ్యి రూపాయల ఆదాయం ఉన్నట్టు తీసుకుంటారు. 28.5 టన్నుల బండికి నెలకు 28,500. ప్రభుత్వం వేసుకున్న ఆదాయం కంటే మా వాడి కిస్తీయే ఎక్కువ.

అసలు ఆ బండికి 28.5 టన్నులు ఉందో లేదో కూడా వాడు చూడలేదు. పది టైర్ల బండికి సరుకుతో కలిపి మొత్తం బరువు పరిమితి 25 టన్నుల నుంచి 28.5కు పెంచింది 2018 జూలైలో. వాడిది 2017 మోడలు. ఆర్సీలో ఎంత రాసి ఉందో ముందు చూడాలి. 25 అని ఉంటే పైన నేను రాసిన 18 టన్నులు ఎక్కించడానికే లేదు. ఎక్కించి దొరికితే 20 వేల జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకూ ఇంకో రెండు వేలు. ఓవర్‌లోడ్ అత్యాశ వల్ల వేస్తారని చాలామంది అనుకుంటారు. నేను చూసినంతలో, రేపు కిస్తీ ఉన్నవాడు వేస్తాడు.

మామూలు నెల లెక్కే ఇది. బండి నిలబడితే? కిస్తీ రోజుకు 970. ఇన్సూరెన్సు, పర్మిటు, టాక్సు కలిపితే పన్నెండు వందలు దాటుతుంది. పొద్దున లేచి పళ్లు తోముకునే లోపే ఆ పన్నెండు వందలు అప్పు. నిలబడటానికి కారణాలు నీ చేతిలో ఉండవు. గోడౌనులో ఖాళీ లేదంటారు. హమాలీలు రాలేదంటారు. బండి బ్రేక్‌డౌన్ అయి ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద సరుకుతో పాటు ఉండాల్సిన రవాణా బిల్లు) గడువు దాటితే దారిలో తనిఖీలో ఆపేస్తారు. ఆ బిల్లు 200 కిలోమీటర్లకు ఒక రోజే చెల్లుతుంది. గడువు తీరే ముందు ఎనిమిది గంటలు, తీరాక ఎనిమిది గంటలు, ఆ లోపే పొడిగించుకోవాలి. రాత్రి రెండింటికి గేరుబాక్సు విప్పుకుని కూర్చున్నవాడికి అది గుర్తుండదు. బ్యాలెన్సు కిరాయి సంగతి మరీ కష్టం. సరుకు దింపి, సంతకం పెట్టించిన రసీదు పంపినా నెలా నెలన్నర తిప్పుతారు. డీజిలు మాత్రం ఈ రోజే, ఈ బంకులోనే, నగదు ఇచ్చి పోయించుకోవాలి.

డ్రైవరు కూడా ఎదురు చూస్తాడు, నిజమే. ఇంటికి దూరంగా, దోమల్లో, క్యాబిన్‌లో ముడుచుకుని. ఆ బాధ నాకు తెలుసు. కానీ ఆ రోజుకు వాడికి బత్తా వస్తుంది. ఓనరుకు అదే రోజు చేతిలోంచి పోతుంది.

మరి నాకు రెండు బండ్లు ఎలా వచ్చాయని మా వాడు అడిగాడు. అడగాల్సిన మాటే. బండి పోయాక ఏడేళ్లు మళ్లీ డ్రైవరుగా చేశాను. అందులో ఆరేళ్లు ఒకే రైస్ మిల్లు సరుకు. తడవకుండా, బస్తా చిరగకుండా, చెప్పిన టైముకు దింపేవాడిని. వాన పడితే పట్టా మీద ఇంకో పట్టా కప్పేవాడిని, రెండోది నా డబ్బుతో కొన్నది. కొన్నాళ్లకు మిల్లు గుమస్తా మా ఓనరుకు కాకుండా నాకే ఫోను చేసి బండి ఎక్కడుందని అడగడం మొదలుపెట్టాడు. 2017లో నాలుగేళ్ల పాత బండి కొన్నాను. సగానికి పైగా చేతిలోంచి కట్టాను. ఇంకా రెండు లక్షలు బ్యాంకులో వేసి, దాన్ని ముట్టుకోనని మా ఆవిడకు మాటిచ్చాను.

2018 జూలైలో దేశమంతా లారీల సమ్మె జరిగింది. డీజిలు ధరలు, టోలు, థర్డ్ పార్టీ ప్రీమియం మీద. ఎనిమిది రోజులు బండి ఇంటి ముందే ఉంది. ఆ రెండు లక్షల్లోంచే కిస్తీ కట్టాను. సమ్మె అయిపోయాక మార్కెట్టులో రేటు పడిపోయింది. బరువు పరిమితి పెరిగి అదే బండిలో ఎక్కువ సరుకు పడుతోంది కాబట్టి బండ్లు మిగిలిపోయాయి. మా ఆటోనగర్‌లో కొత్తగా కొన్న ఇద్దరు ముగ్గురు ఆ ఏడాది చివరి నెలల్లోనే వదిలేసుకున్నారు. తర్వాత 2020 మార్చిలో లాక్‌డౌన్. కిస్తీలకు ఆరు నెలలు మారటోరియం (కట్టకుండా ఆగే వెసులుబాటు) ఇచ్చారు గానీ వడ్డీ ఆగలేదు. చాలామంది అది తెలియక ఊపిరి పీల్చుకుని, తర్వాత కుంగిపోయారు. నాకు మిల్లు నుంచి ఫోను వచ్చింది. బియ్యం నిత్యావసరం కాబట్టి బండి తిరగనిచ్చారు. ఫోను రావడానికి వెనక ఆరేళ్ల డ్రైవరు జీతం ఉంది. ఆ ఆరేళ్లు వృథా అయ్యాయని ఆ రోజుల్లో ఎంత ఏడ్చానో నాకే తెలుసు.

కాబట్టి రెండేళ్ల డ్రైవరు బండి కొనకూడదని నేను అందరికీ చెప్పను. ఇంట్లో అన్నకో నాన్నకో ఇప్పటికే బండి ఉండి, ఒకటి ఆగితే ఇంకొకటి లాగే వీలుంటే కొనొచ్చు. మిల్లో ఫ్యాక్టరీయో ఏడాదికి రాతపూర్వకంగా లోడు ఇస్తానంటే కొనొచ్చు. అవేమీ లేకుండా, చేతిలో నాలుగు లక్షలుండి ఆ నాలుగూ మొదటి రోజే కట్టేసేవాడిని మాత్రం చేతులు పట్టుకుని ఆపుతాను. బండి విలువలో సగం కట్టాక కూడా మూడు నెలల కిస్తీ, ఒక జత టైర్ల డబ్బు మిగలాలి. బ్రోకరుతో పని లేకుండా నిన్నే పిలిచే పార్టీలు రెండైనా ఉండాలి. ఇవి కుదరడానికి మా వాడికి ఇంకో నాలుగైదేళ్లు పడుతుంది. వాడికి ఇరవై నాలుగు. చాలా టైముంది.

కొత్త లారీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి దిగింది కదా, ఇదే సమయం కదా అని కూడా అన్నాడు. ధర తగ్గడం మంచిదే. అయితే అది వాడికి ఒక్కడికే తగ్గలేదు. ఇంకా నలుగురు కొత్తవాళ్లు కొని అదే బెంచీ మీదికి వస్తారు.

వాడు చివర్లో మెల్లగా అన్న మాట ఒకటుంది. "డ్రైవరు అంటే పిల్లనివ్వట్లేదు మావయ్యా." దీనికి నా దగ్గర లెక్క లేదు. నిజం కాబట్టి మనసు పిండినట్టయింది. గోడౌను దగ్గర మనల్ని పిలిచే తీరు, పోలీసు మాట్లాడే తీరు, కడుక్కోవడానికి నీళ్లు కూడా లేని యార్డులు, ఇవన్నీ దాటాలంటే ఓనరు అవ్వాలనిపిస్తుంది. నేనూ 2009లో అందుకే కొన్నాను, డబ్బు తర్వాతి సంగతి. కానీ బండి పోగొట్టుకుని ఊరికి తిరిగొచ్చినప్పుడు నాకు దక్కిన గౌరవం ఎంతో కూడా నేను చూశాను. మా నాన్న అరెకరం పోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, నాలుగు నెలలు నాతో మాట్లాడనూ లేదు.

గౌరవం కావాలంటే డ్రైవరుగానే గట్టిగా అడగమని వాడికి చెప్పాను. మంచి డ్రైవరు దొరక్క ఈ రోజు ఎన్ని బండ్లు షెడ్డుల్లో ఉన్నాయో ఓనరుగా నాకు తెలుసు. 2025 అక్టోబరు 1 తర్వాత తయారైన లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి. అలాంటి బండి ఉన్న ఓనరు దగ్గరికి మారు. రోజుకు ఎనిమిది గంటలే పని అని 1961లోనే చట్టం వచ్చింది. పూర్తిగా కాకపోయినా, రాత్రి రెండు దాటాక తోలనని చెప్పు. చెబితే వింటారు, నీ చెయ్యి మంచిది. అలాగే ఓనరయ్యాక ప్రమాదం జరిగితే ఏమవుతుందో కూడా తెలుసుకో. డ్రైవరుగా కేసు నీ మీదే, ఓనరుగా పరిహారమూ నీ మీదే. ఫిట్‌నెస్సో పర్మిటో గడువు దాటి ఉంటే ఇన్సూరెన్సు కంపెనీ ముందు బాధితులకు కట్టి, ఆ డబ్బు తర్వాత నీ దగ్గర వసూలు చేసుకోవచ్చు. కాగితాల తేదీలు చూసుకునే అలవాటు ఓనరు బండి మీదే నేర్చుకో.

పండగ వెళ్లాక వాడికి రెండు వందల పేజీల నోటు పుస్తకం ఒకటి కొనిచ్చాను. ఆ బండి కొనేశావనుకుని రోజూ రాయమన్నాను. కిరాయి ఎంత, డీజిలు ఎంత, పంతంగిలో టోలు ఎంత కట్ అయింది, బ్యాలెన్సు ఏ రోజు వచ్చింది. బండి నిలబడిన రోజున మాత్రం ఎర్ర పెన్నుతో పన్నెండు వందలు రాయమన్నాను. ఆరు నెలలు రాశాక ఇద్దరం కూర్చుని చూద్దాం, అప్పుడు కూడా కొంటానంటే నా రెండు లక్షలు ఇస్తానన్నాను. నిజంగానే ఇస్తాను.

మొన్న రాత్రి బెంగళూరు నుంచి ఫోను చేశాడు. వెనక ఎవరో బండి హారన్ కొడుతున్నారు. లోడు దొరకలేదట, మూడో రోజట. ఎంత చెబుతున్నారని అడిగాను. పోయినసారి కంటే నాలుగు వేలు తక్కువ చెబుతున్నారు, మా ఓనరు ఆగమన్నాడు అన్నాడు.

"పుస్తకం రాశావా?"

"రాశాను మావయ్యా. ఈ నెలలో ఎర్రవి తొమ్మిది."